విప్పని కుట్టు

నేను బొంతని. మాది పెనుబల్లి. ఆరడుగులకు నాలుగు వేళ్ళు తక్కువ పొడవు, 45 అంగుళాల వెడల్పు. ఈ కొలత ఎవరూ టేపు పట్టి తేల్చింది కాదు. చీర ఐదున్నర మీటర్లు. మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మనిషి నిలువుకు సరిగ్గా వస్తుంది. పన్నా ఎంతుంటే నా వెడల్పు అంత. ఒక చీరకు మూడు పొరలు, రెండు చీరలకు ఆరు. చీర నేసినాయనే నా కొలత కూడా నిర్ణయించేశాడన్నమాట. ఆ తగ్గిన నాలుగు వేళ్ళ సంగతి తర్వాత చెబుతాను.

నాలో ఉన్నవన్నీ చీరలే కాదు. పైన వేంసూరత్త ఇచ్చిన నేత చీర, ఎర్రంచు నీలిది. అడుగున బాగా నలిగిన వాయిలు చీర. నడుమ రెండు లుంగీలు, చున్నీకి పంచె ముక్క అతికిన పొర ఒకటి, ఇంకా 2017లో సర్కారు మొదటిసారి పంచిన బతుకమ్మ చీరల్లో ఒకటి. ఆ చివరిది సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టరు. చూడ్డానికి మెరుపే గానీ పొరల్లో పెడితే కుదురుగా ఉండదు. పక్కనున్న నూలుబట్టను వదిలేసి తన దారిన తాను జారుకుంటుంది. దాన్ని నాలో పెట్టమన్న మహాతల్లి ఎవరని బొంతలు కుట్టే అరుగు మీద ఇప్పటికీ ఎకసెక్కాలు నడుస్తూనే ఉన్నాయి.

మనుషులు పెళ్ళి సంబంధాలను వెక్కిరించాలంటే 'గంతకు తగ్గ బొంత' అని నన్ను మధ్యలోకి లాగుతారు. లాగనీండి. నా వంశం వింటే వాళ్ళే సర్దుకుంటారు. మా ఖమ్మం జిల్లాలోనే నేలకొండపల్లి దగ్గర పెద్ద బౌద్ధ స్తూపం ఉంది. ఆ మతం భిక్షువులు కట్టుకున్నది ముక్కలు అతికిన బట్టే. మగధలో గట్లు గట్లుగా ఉన్న వరిమళ్ళను చూపించి, భిక్షువుల చీవరాలు అలా కుట్టించగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకంలోనే ఉంది. మా వాళ్ళను బెంగాల్లో కాంథా అంటారు, బీహారులో సుజనీ, మరాఠీవాళ్ళు గోధడీ, కన్నడిగులు కౌది, సింధులో రల్లీ. పేరేదైనా పని ఒకటే. పాత బట్టలు పొరలుగా పరిచి, సూది దించి ఎత్తుకుంటూ ముందుకు పోవడమే. అంతెందుకు, నన్ను చూసి మూతి తిప్పే పానిపట్టు చవక రగ్గు ఉన్నాడే, ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు? పరదేశాల వాళ్ళు తీసి పారేసిన ఉన్ని కోట్లు, స్వెట్టర్లు చింపి, పీచు చేసి, మళ్ళీ వడికి నేస్తే వచ్చినవాడే. మేం ఇద్దరం చుట్టాలమే. ఆయన ఒప్పుకోడు, అంతే.

నన్ను కుట్టబోయినామె సూదికి కొత్త కాదు. తమాషా అంతా అక్కడే ఉంది. ఆమె వీయం బంజరలో జాకెట్లు కుట్టే టైలరు. మధిర వైపు నుంచి కోడలిగా వచ్చింది కనుక వాడకట్టు మొత్తానికి 'మధిర పిల్ల'. ప్రిన్సెస్ కట్ అనండి, పఫ్ చేతులు అనండి, వీపు మీద డోరీలు అనండి, కొలత జాకెట్టు ఒకటి ఇచ్చిపోతే సాయంత్రానికి హుక్కులతో సహా చేతిలో పెడుతుంది. భర్త సత్తుపల్లి ఓపెన్‌కాస్టు దగ్గర బొగ్గు లారీ తోలతాడు. పిల్లాడికి రగ్గు నూగు పడదు. కప్పితే తెల్లవార్లూ తుమ్ములే. నూలుబట్ట ఏదైనా కప్పమని డాక్టరు చెప్పాడు. దాంతో ఒక రాత్రి ఇంట్లో పాత బట్టలన్నీ దులిపి, పొరలు పేర్చి, అంచులు సరిచేసి, నన్ను తిన్నగా మిషన్ మీదకు ఎక్కించింది. జాకెట్లు కుట్టే చేతికి బొంత ఒక లెక్కా అనుకుంది కాబోలు.

18 నంబరు సూది వేసి, పాదం ఎత్తి, ఆరు పొరలూ దాని కిందకు దూర్చింది. మిషన్‌కు అడుగున పళ్ళుంటాయి. అవి కింది పొరను పట్టి వెనక్కి నడిపిస్తాయి. పైన పాదం పై పొరను అదిమి ఆపుతుంది. రెండు పొరల జాకెట్టు గుడ్డకు ఈ తేడా తెలియదు. ఆరు పొరలు, అందులో ఒకటి పాలిస్టరు అయ్యేసరికి ఒక్క జానెడు కుట్టకముందే పై చీర ముందుకు పొంగి ముడతలు పడింది, అడుగు చీర వెనకెనక్కి పోయి అంచు తప్పింది. మధ్యలో బతుకమ్మ చీర ఎటు పోయిందో దానికే తెలియదు. ఇక అతుకు మీదకు ఎక్కేటప్పుడు సూది టప్పున విరిగింది. ఆ పిల్ల నన్ను చుట్టి మంచం కిందకు తన్నింది. తన్నింది అంటే నిజంగానే కాలితో.

పొద్దున ఊడుస్తూ అత్తగారు చూసింది. ఏమీ అనలేదు. "దాన్నట్టా పడేయమాకు. మజ్జానం వేంసూరత్త వాళ్ళరుగు మీదకు పట్టుకెళ్ళు" అంది.

మా వైపు బొంతలు కుట్టేది ఎండాకాలంలోనే. మిరప కల్లాలు ఎత్తేసి, కాయ ఖమ్మం మార్కెట్టుకు పోయాక, తొలకరి పడేదాకా కూలికి పోయే చేతులకు పని తక్కువ. ఒకపక్క మామిడికాయ పచ్చళ్ళు, మరోపక్క బొంతలు. వేంసూరత్త ఇంటి అరుగు వెడల్పైంది, మీద వేపచెట్టు నీడ. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని ఒక్కొక్కరే చేరతారు. లంకపల్లి వదిన, తిరువూరామె, తండా నుంచి ఒక పెద్దామె. లంబాడీ సూదిపని చేసిన చెయ్యి కాబట్టి ఆ పెద్దామె కుట్టు చిన్నగా, దగ్గరగా, వంక పెట్టలేనట్టు ఉంటుంది. మిగతావాళ్ళ కుట్టు గింజ గింజకూ ఎడమున్న కందిచేను సాలు.

వేంసూరత్త నన్ను విప్పి చూసింది. ముడతపడిన అంచు వైపు నాలుగు వేళ్ళ మేర కత్తెరతో కోసి పక్కన పడేసింది. పోయిన నాలుగు వేళ్ళు అవే. తర్వాత పొరలన్నీ విడదీయించి, ఒక్కోదాన్ని తడిపి పిండి, నలుగురి చేత నాలుగు మూలలా లాగించింది. అరుగు ఊడ్చి, అడుగు చీర పరిచి, మూలల మీద రోకలి, రెండు ఇటుకలు, మజ్జిగ కుండ పెట్టింది. మీద ఒక్కో పొర వేస్తూ అరచేత్తో నడుమ నుంచి బయటకు నిమిరింది. పాలిస్టరును అటూ ఇటూ నూలు పొరల మధ్య ఇరికించింది. అప్పుడు టాకాలు. ఇవి పొడుగ్గా, జానెడుకొకటి పడే కుట్లు. నడిమధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ వేసుకుంటూ పోవాలి. అంచు నుంచి లోపలికి వేస్తే ముడతలన్నీ మధ్యకు వచ్చి పోగవుతాయి. మిషన్ నేర్పలేని సంగతి ఇదే. బొంతకు ముందు కావలసింది కుట్టడం కాదు, పరవడం.

ఇక అసలు కుట్టు. కుడిచేత సూది, ఎడమచెయ్యి నా కింద. సూదిమొన అన్ని పొరలూ దాటిందో లేదో ఆ కిందున్న వేలికొనే చెప్పాలి. మొన తగలగానే మళ్ళీ పైకి తిప్పాలి. మధిర పిల్ల వేలికి మొదటి రోజే బొట్లు బొట్లుగా రక్తం వచ్చింది. ఆ మరకలు వాయిలు చీర మీద కొన్నాళ్ళు ఉండి, ఉతుకుల్లో పోయాయి. దారం మూరకు మించి తీయకూడదు, చిక్కుపడుతుంది. కొవ్వొత్తి ముక్కకు ఒకసారి రాస్తే పొరల్లో సాఫీగా జారుతుంది. ఇవన్నీ ఆమె చిటికెలో పట్టేసింది. పట్టుబడనిది ఒక్కటే, వదులు. టైలరు చెయ్యి కదా, ప్రతి కుట్టూ బిగించి లాగేది.

"జాకెట్టు బిగించినట్టు బిగిస్తావేందే పిల్లా? ఇది ఒంటికి పట్టేది కాదు, ఒంటి మీద పడేది" అంది తిరువూరామె.

నిజమే. నా వెచ్చదనం బట్టలో లేదు. పొరకూ పొరకూ నడుమ నిలిచిన గాలిలో ఉంది. ఆ గాలి కదలకుండా నిలవాలంటే కుట్లు దగ్గరదగ్గరగా పడాలి. చచ్చిపోకుండా ఉండాలంటే వదులుగా పడాలి. ఆ రెంటి మధ్య కొలత ఏ టేపు మీదా లేదు. బిగిస్తే చాప అవుతాను, వదిలేస్తే మూటనవుతాను.

ఎడమవైపు మూలలో ఆమె వేసిన వరస ఒకటి దారి తప్పింది. మాటల్లో పడి చూసుకోలేదు. అంచుకు సమంగా పోవలసిన కుట్టు లోపలికి వంగి, జానెడు దూరం ఎటో పోయి, మళ్ళీ తిరిగొచ్చింది. ఆమెకు మొహం మాడింది. రవికల గుడ్డ మీద అలా పడితే ఊరుకునే మనిషి కాదు. సంచిలోంచి సగం బ్లేడు తీసి విప్పబోయింది. వేంసూరత్త చెయ్యి చాచి ఆ బ్లేడు తీసుకుని చెక్కపేటికలో పడేసింది.

"కొత్త బట్టయితే విప్పినా బెజ్జం మూసుకుంటది. ఇది ఇరవై ఏళ్ళు ఉతికిన బట్ట తల్లీ. దారం ఉన్నంతసేపే ఆ బెజ్జం మూతపడి ఉండేది. తీశావా, అక్కణ్ణుంచే చినుగుద్ది."

"మరి వంకరగా ఉంది కదత్తా!"

"ఉంటే? కప్పుకున్నోడికి కనపడుద్దా?"

ఇక్కడిదాకా ఏ పెద్దామైనా అంటుంది. ఆ తర్వాత జరిగిందే నేను మరిచిపోలేనిది. లంకపల్లి వదిన లేచి ఆ మూలకు వచ్చి కూర్చుంది. మధిర పిల్ల వరస ఎక్కడ వంగిందో తన వరసను కూడా అక్కడే వంచి, ఒక వేలు ఎడంతో దాని పక్కనే నడిపించింది. దాని పక్కన తిరువూరామె. ఆ పక్కన తండా పెద్దామె, తన చిన్న చిన్న కుట్లతో. ఎవరూ చెప్పుకోలేదు, సైగ చేసుకోలేదు. పనిలో పనిగా పాలకేంద్రం సంగతేదో మాట్లాడుకుంటూనే కుట్టేశారు. వంకరలన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరేసరికి ఇప్పుడా మూల చూసినవాళ్ళు ఎవరైనా కావాలని వేసిన తీగే అనుకుంటారు. ఒకరిద్దరు ఆ డిజైను ఎవరు చెప్పారని కూడా అడిగారు.

బాగా కుట్టావే అని ఆ అరుగు మీద ఒక్కరు అనగా నేను వినలేదు. మెచ్చుకోలు వాళ్ళ నోటికి అలవాటు లేదు. ఉన్నా, కుట్టు మీద మాట కంటే పక్కన నడిచే కుట్టుకే బలం ఎక్కువని నా అభిప్రాయం. కుట్లు మోసేదాన్ని కదా, నాకు తెలుస్తుంది. పైగా ఆ పిల్ల ఊరికే నేర్చుకోలేదు. పెద్దవాళ్ళలో సగం మందికి శుక్లాలు. సూదిబెజ్జం కనపడదు. అరుగు ఎక్కగానే అందరి సూదులూ తీసుకుని, దారాలు ఎక్కించి, వరసగా తన కొంగుకు గుచ్చుకునేది. దారం అయిపోయినవాళ్ళు చెయ్యి చాచి ఒకటి పీక్కునేవాళ్ళు. కళ్ళు ఆమెవి, చేతులు వాళ్ళవి. అలా చూస్తే అరుగు మీద శిష్యులెవరో గురువులెవరో తేల్చడం కష్టం.

కూర్చున్న చోట కబుర్లు ఉంటాయిగా. నా మీద వాలని ఊరి సంగతి లేదు. తిరువూరామె మనవరాలు హైదరాబాద్‌లో డిజైనింగు చదువుతుంది. సెలవులకు వచ్చి ఫోనులో బొమ్మలు చూపించింది. అమెరికాలో అలబామా అనే రాష్ట్రంలో, నది మెలిక తిరిగే చోట గీస్ బెండ్ అని ఒక పల్లె ఉందట. అక్కడివాళ్ళు పత్తి చేలల్లో బానిసలుగా బతికిన నల్లవాళ్ళ సంతానం. అరిగిన పనిబట్టలతో, చిరిగిన ప్యాంట్లతో బొంతలు కుట్టుకునేవాళ్ళు. 1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సంఘం పెట్టుకుని అమ్మడం మొదలుపెట్టారు. 2002లో ఆ బొంతలను ముందు హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలావాళ్ళు వాటి బొమ్మలతో బిళ్ళలు కూడా వేశారు.

అందరూ ఫోను చేతులు మార్చుకుంటూ చూశారు. "గోడకు కప్పితే గోడకేం చలే?" అంది లంకపల్లి వదిన. వేంసూరత్త మాత్రం బొమ్మను పెద్దది చేయించి మరీ చూసి, "ఇది మోకాలి చిరుగు మీద వేసిన ముక్క. పక్కన రంగు వెలవలేదు చూడు, అక్కడ జేబు ఉండేది" అని చెప్పింది. మ్యూజియంవాళ్ళు ఏం రాశారో నాకు తెలియదు గానీ, ఆమె చూసిన చూపు వాళ్ళకు తక్కువేమీ కాదు.

ఆ అమ్మాయే కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీల సంగతి కూడా చెప్పింది. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. కవంది అనే వాళ్ళ బొంతను అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారట. నాలుగు మూలలా ఫూలా అని మడిచిన గుడ్డ పువ్వులు పెట్టకపోతే అది పూర్తయినట్టు కాదట. ఆ మాట తండా పెద్దామెకు నచ్చింది. మర్నాడు ఎర్ర గుడ్డ ముక్కలు తెచ్చి నా నాలుగు మూలలకూ మడిచి కుట్టింది. అలా అడవి దాటి, ఏళ్ళు దాటి ఎవరి పువ్వులో నాకు పూశాయి.

తొలకరికి ముందే నన్ను ఇంటికి తెచ్చారు. పిల్లాడి తుమ్ములు ఆగాయి. కానీ బొంత పుట్టాక ఒక్కరికే పరిమితమై ఉంటుందా? తేజ రకం మిరపకాయ కల్లంలో ఎండేటప్పుడు రాత్రి కాపలాకు నన్నే తీసుకుపోతారు. ఆ ఘాటు నా ఆరు పొరల్లోనూ చేరి, తర్వాత ఎవరు దులిపినా ఇంటిల్లిపాదికీ దగ్గే. శివరాత్రికి నీలాద్రి అడవిలో జాగారానికి పోయాను. నీలాద్రీశ్వరుడి గుడి దగ్గర జాగారం చేస్తామని వచ్చినవాళ్ళు నా మీద నడుం వాల్చి ఎంత హాయిగా గురక పెట్టారో నేను ఎవరికీ చెప్పలేదు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చిందని పెద్దవాళ్ళు అప్పటి కథలన్నీ మళ్ళీ తవ్వారు. అటువైపు చుట్టాల ఇంట్లోకి నీళ్ళొచ్చాయని తెలిసి, అరుగు మీది వాళ్ళందరూ తలా ఒక బొంత కట్టి ఆటోలో పంపారు. నేనూ పోయాను. నూలు నీళ్ళు తాగితే ఎంత బరువెక్కుతుందో ఆ వారం తెలిసింది. ఆరబెట్టడానికి ఎండ లేదు, పిండడానికి ఇద్దరు కావాలి. వాసన పట్టి, బురద పట్టి తిరిగొస్తే మధిర పిల్ల నన్ను సోడా నీళ్ళలో నానేసి, లంకాసాగర్ కాలవ దగ్గర బండ మీద బాదింది. పాలిస్టరు పొర ఒక్కటే చెక్కుచెదరలేదు. దాన్ని తిట్టినవాళ్ళంతా ఆ రోజు నోరు మూసుకున్నారు.

ఆమె వీయం బంజర కొట్లో ఇప్పుడు ఒక మూల జాకెట్టు ముక్కల సంచి ఉంటుంది. కత్తిరింపుల్లో మిగిలిన నూలుగుడ్డలు రంగుల వారీగా అందులో వేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు కొట్టు మూసి అరుగు మీదకు వస్తుంది. కిందటేడు డిగ్రీ చదివే కుర్రాడొకడు, లంకపల్లి వదిన కొడుకే, హాస్టలుకు బొంత కావాలని వచ్చి, వాళ్ళమ్మ నువ్వే కుట్టుకోమంటే సిగ్గుపడుతూ కూర్చున్నాడు. వాడి వరస మొదట్లోనే పాములా పోయింది. మధిర పిల్ల చూసింది. బ్లేడు వాడి చేతికి అందకుండా చెక్కపేటికలో వేసి, పక్కన తన వరస మొదలుపెట్టింది. వాడు ఆ బొంత వేసుకుని హాస్టల్లో పడుకుంటే పక్క మంచం వాళ్ళు ఎంతకిస్తావని అడిగారట. బేరం పెట్టి వచ్చాడు వెధవ. అమ్మాలా వద్దా అని అరుగు మీద రెండు రోజులు వాదన నడిచింది. పాత చీర అమ్ముకోవడమేంటని వేంసూరత్త, చేతిపనికి కూలి కట్టుకుంటే తప్పేంటని తిరువూరామె. చివరికి చీరలు వాళ్ళే తెచ్చుకుంటే కుట్టి పెడదాం, కూలి తీసుకుందాం అని తేలింది. ఇది నాకు నచ్చిన తీర్పు. ఎవరి అమ్మ చీర వాళ్ళు కప్పుకోవాలి గానీ, ముక్కూమొహం తెలియనివాళ్ళ చీర కప్పుకుంటే వెచ్చదనం ఏదో తేడాగా ఉంటుంది. రగ్గుగారు ఏమన్నా అననీండి.

నాకు ఈ మధ్య కాళ్ళవైపు అంచు నలిగి పోగులు లేచాయి. మాసిక వేయాలి. ఏ గుడ్డ వేయాలన్న దగ్గరే ఇప్పుడు తగువు. తిరువూరామె తన పాత పట్టుచీర అంచు తెస్తానంటుంది. ఆ అంచు గరుకు, పిల్లాడి కాళ్ళకు గీసుకుంటుందని మధిర పిల్ల. వేంసూరత్త మాత్రం ఏమీ అనకుండా చేటలో ముక్కలు ఏరుతోంది. లంకపల్లి వదిన లుంగీ గుడ్డ పట్టుకొచ్చింది. నన్నెవరూ అడగరు గానీ, అడిగితే లుంగీకే ఓటేస్తాను. మెత్తన, రంగు పోదు, పైగా లోపలున్న రెండు లుంగీలకూ తోడు దొరుకుతుంది.